కనుమ దారికి నలభై

దాదా ఖలందర్‌కు మూడేళ్ళుగా ఒకటే పిచ్చి. పగలంతా జిరాక్స్ షాపులో కాగితాలు తీసేవాడు, సందు దొరికితే కంప్యూటర్లో రోడ్లు గీసేవాడు.

లోకంలో అందరూ తలో చెయ్యి వేసి గీసే మ్యాపు ఒకటి ఉంది. ఎవరి ఊరి దారి వాళ్ళు గీస్తారు. ఏ దారి మీద ఎంత స్పీడు మించకూడదో అంకె వేస్తారు. ఆ అంకె పక్కన ఇంకో చిన్న గడి ఉంటుంది. ఈ అంకె నీకు ఎక్కడిదని అడిగే గడి అది. ఖలందర్ మూడు వందల పది రోడ్లకు అంకెలు వేసి, ప్రతి గడిలోనూ ‘బోర్డు చూశాను’ అని రాసుకుంటూ పోయాడు. తాలూకాలో ఒక్క రోడ్డూ ఖాళీగా లేదని షాపుకొచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు. పాపం, కాగితం చేతికొచ్చేదాకా వాళ్ళకూ తప్పేది కాదు.

ఆ మురిపెం మీద కంప్యూటర్లో ఒక ఉత్తరం వచ్చి పడింది. అదే మ్యాపు గీసే రత్నావళి అనే రిటైర్డ్ టీచరు రాసింది. కనుమ దారికి నలభై అని వేశారు, బోర్డు చూశానన్నారు, పోయిన వారం నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా చూస్తూ వచ్చాను, ఒక్క బోర్డూ లేదు, మీరెక్కడ చూశారో చెబుతారా అని మర్యాదగానే అడిగింది. కింద ఇంకో మాట ఉంది. శుక్రవారం లోగా జవాబు రాకపోతే అతను వేసిన అంకెలన్నీ తీసేస్తారట. ఏవి చూసి వేసినవో, ఏవి చూడకుండా వేసినవో ఎవరు తేల్చగలరు మరి?

ఖలందర్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. కొన్ని రోడ్లు తను ఎండలో బండి మీద తిరిగి, బోర్డు ముందు ఆగి రాసుకొచ్చినవి. మిగతావి కుర్చీలోంచి కదలకుండా వేసినవి. కనుమ దారిని ఆకాశం నుంచి తీసిన ఫొటోలో తప్ప ఎన్నడూ చూడలేదు. ఈ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

శుక్రవారం పొద్దున్నే తన గురువు నూర్ పీరా సాహెబ్ ఉండే కొండెక్కాడు. వానాకాలంలో ఆ కొండ మీద మబ్బులు ఇళ్ళలోకే వచ్చేస్తాయి. ముందున్న మెట్టు కనిపించేలోపు వెనక మెట్టు కరిగిపోయేది. ఎక్కుతున్నాడో తేలుతున్నాడో అతనికే తెలియలేదు. సాంబ్రాణి వాసన తగిలాక దర్గా వచ్చిందని తెలుసుకున్నాడు.

వసారాలో కూర్చున్న పీర్ సాహెబ్‌కు ఉత్తరం సంగతి చెప్పాడు. కుర్చీ సంగతి చెప్పలేదు.

“ఆ దారికి నలభై కంటే ఎవురూ ఎక్కువ చెప్పరు హజ్రత్. సరైన అంకె వేస్తే అది అబద్ధమెట్లయితాది?”

పీర్ సాహెబ్ లేచారు. లోపలికి వెళ్ళి ఒక తెల్ల కాగితం, సిరాబుడ్డి, కలం తెచ్చి అతని ముందు పెట్టారు. షజరా రాసుకోమన్నారు.

ఖలందర్ చటుక్కున కలం అందుకున్నాడు. గురువు నుంచి గురువుకు దిగివచ్చిన పేర్ల వరుస షజరా. ఎవరు ఎవరి దగ్గర విన్నారో అందులో ఉంటుంది. అన్నిటికన్నా కింద శిష్యుడి పేరు చేరుతుంది. అడగడానికి నోరు రాక ఆరేళ్ళుగా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. ఉత్తరం, శుక్రవారం, అన్నీ మర్చిపోయాడు.

పీర్ సాహెబ్ కళ్ళు మూసుకుని మెల్లగా చెబుతున్నారు. ఒక్కో పేరూ మబ్బులోంచి నడిచొచ్చి కాగితం మీద కూర్చుంటున్నట్టు ఉంది. ఆరు పేర్లయ్యాక ఆగి, ఒక పేరు పట్టే చోటు ఖాళీగా వదలమన్నారు.

పెద్దాయనకు మతిమరుపు వచ్చిందని ఖలందర్‌కు జాలేసింది. సాయం చేద్దామని గొంతు తగ్గించి చెప్పాడు.

“ఆ పేరు నాకు తెలుసు హజ్రత్. ఉర్సులో అమ్మే పుస్తకంలో ఉండాది.”

“ఆ పుస్తకం రాసినాయనకు ఎవురు చెప్పినారు?”

ఖలందర్ కలం మళ్ళీ సిరాలో ముంచాడు.

“మా పీర్ నాకు చెప్పలేదు. ఆయనకు వాళ్ళ పీర్ చెప్పలేదు. వాళ్ళు వదిలినారు, నేనూ వదిలినా.”

“చూసినోళ్ళు వరుస తెగిపోయిందనుకుంటారు గదా?”

“అనుకోనీ బేటా. వినని పేరు ఒకటి రాస్తే, విన్న పేర్లను ఎవురు నమ్ముతారు?”

ఖలందర్ కాగితం మీదికి వంగాడు. ఆ చోటు వదిలి మిగతా పేర్లు రాశాడు. చివర పీర్ సాహెబ్ తమ పేరు చెప్పి, దాని కింద నీ పేరు రాసుకొమ్మన్నారు.

కలం కాగితం దాకా వెళ్ళి ఆగింది. కుర్చీలోంచి వేసిన అంకెలు గుర్తొచ్చి సిగ్గేసింది. కలం కింద పెట్టి, ఫోను తీసుకుని వసారా అంచుకు వెళ్ళాడు.

ముందు టీచరుకు రాశాడు. కనుమ దారిలో బోర్డు నేను చూడలేదమ్మా అని. తర్వాత ఒక్కో రోడ్డూ తెరిచి, చూడనివాటి అంకెలు తీసేస్తూ కూర్చున్నాడు. మొదటి పది తీసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. తర్వాత అలవాటైంది. అంకె పోయినా రోడ్డు మ్యాపులో అట్లాగే ఉంది. మబ్బు అతని మోకాళ్ళ మీదుగా వచ్చి పోతూనే ఉంది. పొద్దు ఎంతెక్కిందో కూడా తెలియలేదు. నడుమ టీచరు దగ్గర నుంచి జవాబు వచ్చింది. చూసినవి ఉంచుతామని రాసింది.

లోపలికి వచ్చేసరికి కాగితం అక్కడే ఉంది. పీర్ సాహెబ్ కూడా అక్కడే ఉన్నారు.

“ఎన్ని మిగిలినాయి?”

“మూడు వందల పదిలో తొంభై ఆరు, హజ్రత్.”

పీర్ సాహెబ్ కలం తీసి అతని చేతిలో పెట్టారు.

“చాలు. ఇప్పుడు నీ పేరు రాయి.”