మొగుడల్లిన గూడు

వరిచేల మధ్య ఒక వరల బావి, ఆ బావి మీదికి ఒరిగిన ఈత చెట్టు, ఆ చెట్టు మట్టలకు వేలాడే పదిహేను గిజిగాళ్ల గూళ్లు. ఊరంటే అంతే. అంత చిన్న ఊళ్లో కూడా నాంచారికి మనశ్శాంతి లేదు.

నాంచారి ఆడ గిజిగాడు. వాళ్ల కులంలో గూడు అల్లేది మగవాళ్లు, గుడ్లు పొదిగేది ఆడవాళ్లు. నాంచారికేమో ముక్కున గడ్డిపోచ లేకపోతే పొద్దు గడవదు. ఈకలు చెదిరిపోయి, ఒళ్లంతా గడ్డినలుసులతో తిరుగుతుంది. ఆమె మొగుడు కోటయ్యకు పోచ పట్టుకుంటేనే నీరసం. గుడ్ల మీద కూర్చోబెడితే మాత్రం తిండి కూడా అడగడు. గూటి గోడలకు తుమ్మపూలు అతికించుకుంటాడు, మూడు గుడ్లనూ మెల్లగా తిప్పుకుంటాడు, వాటితో కబుర్లు చెప్పుకుంటాడు. ఆలుమగలిద్దరికీ ఏ గొడవా లేదు. గొడవంతా చూసేవాళ్లదే.

"మీ ఆయనకి ఒంట్లో బాగోలేదా?" అని పొద్దున ఒకరు. "నువ్వు అల్లుతుంటే ఆయనేం చేస్తాడే?" అని మధ్యాహ్నం ఇంకొకరు. పొదుగుతున్నాడంటే "అయ్యో పాపం" అంటారు. ఎవరు పాపమో చెప్పరు. మొదటి వాన పడ్డ దగ్గర్నుంచి అదే జవాబు చెప్పీ చెప్పీ నాంచారి నోరు నొప్పెట్టింది.

ఒకరోజు చెట్టు మొదట్లోకి జోగినాథం వచ్చాడు. జోగినాథం జెర్రిపోతు. మునుపు ఈ చెట్టెక్కి గుడ్లు తిన్నవాడే, ఇప్పుడు ముసలితనం వచ్చింది, కప్పలతో సరిపెట్టుకుంటున్నానని చెప్పుకుంటాడు. అసలు సంగతి వేరు. నాంచారి తన గూటి వాకిలికి మూరెడు పొడుగున, సన్నగా, నున్నగా గొట్టం అల్లింది. దాని మీంచి జారి రెండుసార్లు గట్టు మీద నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఇంకో ఇద్దరు ఇల్లాళ్లు కూడా అలాంటి గొట్టమే కావాలని మొగుళ్ల ప్రాణం తీస్తున్నారు. ఇదిలాగే సాగితే జోగినాథానికి ఆకలి చావే.

"పాపయ్యా, బయటివాణ్ణి, నాకెందుగ్గానీ," అని మొదలుపెట్టాడు కులపెద్దతో. "మీ తాతల నాడు ఈ చెట్టంటే ఎంత గౌరవం! మగాడు అల్లేవాడు, ఆడది కూర్చునేది. ఇప్పుడు చూడు. ఆ కోటయ్య గుడ్ల మీద, పెళ్లాం మట్టల మీద. పక్క చెట్ల వాళ్లు నవ్వుతున్నారయ్యా."

పక్క చెట్ల వాళ్లు నవ్వుతున్నారన్న మాట పాపయ్యకు ముల్లులా దిగింది. ఆ సాయంత్రమే పంచాయతీ పెట్టాడు.

"కోటయ్య మొదట్నుంచీ చివరిదాకా తన ముక్కుతో గూడు అల్లాలి. అది పూర్తవ్వగానే నాంచారి అల్లింది పీకెయ్యాలి."

"మరి గుడ్లో?" అంది నాంచారి.

"గుడ్లకేముందమ్మా! పద్ధతిగా కొత్త గూట్లో మళ్లీ పెట్టుకోవచ్చు."

నాంచారి ముందుకొచ్చింది. "పెద్దయ్యా, లోపల పిల్లలు కదులుతున్నాయి. ఇంకో వారంలో పైకొస్తాయి."

"పద్ధతి పద్ధతే."

"ఎవరి పద్ధతి? మేమిద్దరం మీ ఇంటికొచ్చి ఏమన్నా అడిగామా? నా అల్లిక మీకేం అడ్డమొచ్చింది? ఆయన పొదిగితే మీ గుడ్లేమన్నా చల్లారాయా?"

"ఆడపిల్లకి అంత నోరు పనికిరాదు," అన్నాడు పాపయ్య. పంచాయతీ లేచిపోయింది.

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో నరకమే. నాంచారి గుడ్ల మీద కూర్చుంది గానీ నిలకడగా కూర్చోలేదు. బయట కోటయ్య ముడి వేస్తుంటే చూడలేక లోపల కొట్టుమిట్టాడింది. కోటయ్య రెండు పోచలకోసారి పరుగెత్తుకొచ్చాడు.

"ఎడమ పక్కది తిప్పావా?"

"తిప్పాను."

"మెల్లగా తిప్పావా?"

"నువ్వెళ్లి ఆ ముడి చూసుకోవయ్యా, ఊడిపోతోంది!"

నాలుగు రోజులకు గూడు తయారైంది. గూడు అనాలి కాబట్టి అనడమే. చిరిగిన జల్లెడలా ఉంది. మగవాడి గూడు మర్యాదగా ఉండాలని పాపయ్య దానికి నడిబావి మీది మట్ట ఇప్పించాడు. నాంచారి గూటికి ఆ మర్యాద దక్కలేదు, అది గట్టు మీదే వేలాడుతోంది. ఏ కొత్త గూటినైనా ఆడవాళ్లు ముక్కుతో మూడుసార్లు గుంజి చూడటం ఆ చెట్టు ఆచారం. నాంచారి గుంజబోతే పాపయ్య అడ్డొచ్చాడు.

"నీ మాట మీద నమ్మకం లేదు, ఎలాగూ వంకలు పెడతావు. నేను చెప్తున్నాగా, బ్రహ్మాండంగా ఉంది! పొద్దు వాలాక నీ పాతది పీకించేస్తా."

అందరూ మేతకు పోయారు. కోటయ్య గబగబా గట్టు మీది గూట్లోకి దూరి గుడ్ల మీద కూర్చున్నాడు. నాంచారి మట్ట మీద కూలబడి ఏడుస్తుండగా మాను మీద సరసరమన్న చప్పుడైంది. జోగినాథం పాకుతున్నాడు. ముసలితనం ఏమైందో మరి, కుర్రాడిలా పాకుతున్నాడు.

"ఏమ్మా, కొత్త ఇల్లు ఎలా ఉంది?"

నాంచారి అల్లిన గొట్టం కూడా ఇక ఎంతోసేపు ఉండదు, పొద్దు వాలితే పీకేస్తారు. ముడి ఊడిపోతోందని ఈ నాలుగు రోజులూ తాను కోటయ్యను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, అప్పుడే ఆ జల్లెడ కూడా కంటపడింది. కళ్లు తుడుచుకుని ముఖం చిట్లించింది.

"ఏం చెప్పను బాబాయ్! అంతా పంచాయతీ అన్నట్టే. అదిగో, మొగుడల్లిన గూడు. ఆడ ముక్కు ఒక్కచోట కూడా తగల్లేదు. మూడు గుడ్లూ అందులోకే మార్చేశాం."

గట్టు మీది గూట్లో కోటయ్య కబుర్లు టక్కున ఆగిపోయాయి.

"గట్టిగా ఉందా?" అన్నాడు జోగినాథం, నాలుక చాపి.

"నా మాటెందుకు, ఆడదాన్ని. పాపయ్యగారే బ్రహ్మాండమన్నారు."

పాపయ్య ఆ మాట అనడం జోగినాథమూ చెట్టు కింద నుంచి విన్నాడు. గుడ్లను మింగడమే తప్ప మోయడం ఎరగని వాడు కాబట్టి, అవి ఈ గూట్లోంచి ఆ గూట్లోకి ఎలా వెళ్లాయని అడగాలని కూడా తోచలేదు. ఒంటినంతా నడిబావి మట్టకు చుట్టుకుంటూ వెళ్లి, తల గూట్లో దూర్చి, నిబ్బరంగా నడుమంతా దాని మీదికి జార్చాడు.

ముడి ఊడింది. అసలు ముడే లేదు కదా, ఊడటానికి! గూడూ జోగినాథమూ కలిసి బావిలో దభీమని పడ్డారు. మేతకు పోయినవాళ్లంతా తిరిగొచ్చేసరికి జోగినాథం నున్నటి సిమెంటు వరల వెంట గుండ్రంగా ఈదుతున్నాడు. ఎంత పాకబోయినా పట్టు దొరకడం లేదు.

"పాపయ్యా! బ్రహ్మాండమన్నావు కదయ్యా!" అని కిందినుంచి అరిచాడు.

"నువ్వు మా చెట్టు మీదికి ఎందుకెక్కావు?" అని పైనుంచి పాపయ్య అడిగాడు. దానికి జోగినాథం ఇంకో చుట్టు ఈదాడు. పాపయ్య ముఖం మాడిపోయింది. పొద్దు వాలింది, పాత గూడు పీకమని ఎవరూ అనలేదు.

మరో రెండు రోజులకు మూడు పిల్లలూ పైకొచ్చాయి. కోటయ్య ఆనందం పట్టలేక ప్రతి ఒక్కరినీ పిలిచి చూపించాడు. పాపయ్య కూడా వచ్చి చూశాడు.

"బాగున్నాయి. అయినా మగాడు పొదగడమేమిటో..."

నాంచారికి అరవడానికి కూడా ఓపిక లేకపోయింది. "పెద్దయ్యా, మీ గూడు ఒక పక్కకి జారుతోంది. నన్ను బిగించమంటారా, వద్దా?"

పాపయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బిగించు. ఆ గొట్టం కూడా పెట్టు. మీ ఆయన అల్లాడని చెప్పుకుందాం."

"చెప్పుకోం," అంది నాంచారి. "నేనే అల్లానని మీరు నలుగురిలో చెప్తేనే వస్తాను."

పాపయ్య చెప్పాడు. గొంతు పెగల్చుకుని చెప్పడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ వాన కురుస్తూనే ఉంది, గూడు కారుతూనే ఉంది.

నీతి: మన ఇంట్లో ఎవరు ఏ పని చెయ్యాలో మరీ శ్రద్ధగా చెప్పడానికొచ్చేవాడి కళ్లు ముందు దేని మీద ఉన్నాయో చూసుకోవాలి.