దొరగారి చెవిలో కంచం మోత

ముత్యాలు మేస్త్రి కట్టిన గోడను ఏడేనుగులు కుమ్మినా పిసరు సున్నం రాలదు. అంతటి మేస్త్రికీ చింతగుంపు కోటలో ఏడుపొచ్చింది. దొరసాని సంగీతం తన పడకగదిలోకి రాకుండా నడిమిగోడకు మందం కట్టమన్నాడు దొర, పని తేలేదాకా కోట దాటొద్దన్నాడు. మేస్త్రి ఊక కూరి మట్టి మెత్తాడు. దొరసాని గదిలో కంచం మోగించి చూస్తే, ఇవతలి నుంచి దొర "వినిపిస్తోంది, మళ్లీ కట్టు!" అన్నాడు. పనివాణ్ణి మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడని ఆయన భయం. అలా మూడుసార్లయింది. అక్కడ వానలు ముంచుకొస్తున్నాయి, మేస్త్రి సొంత గుడిసెకు కప్పే లేదు.

నాలుగోసారీ దొర గర్జిస్తూ వచ్చాడు. "చెవులు చిల్లులు పడ్డాయిరా!"

"ఈసారి కంచం ముట్టనే లేదు దొరా!"

"అవునండీ, కిమ్మనకుండా నా ఎదుటే నిలబడ్డాడు," అంది దొరసాని.

"చెవిలోనే పుట్టే మోతకు గోడేం చేస్తుంది దొరా? వైద్యుణ్ణి పిలిపించండి," అని మేస్త్రి ఆ పూటే తాపీ సంచి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు.

అబద్ధమాడానని చెప్పుకోలేక దొర నెల్లాళ్లు చెవుల్లో వేడివేడి వెల్లుల్లి నూనె పోయించుకున్నాడు.