రాహేలమ్మ దులిపిన పుస్తకాలు

మా ఊరికి బాట లేక, కాలవ మీద పడవే దిక్కయిన కాలం. ఏ సంవత్సరమో అడక్కండి, చెప్పేవాళ్ళు పోయారు. మా పేటలో తాటాకు కప్పిన చర్చి ఉండేది. చర్చిలో బీరువా ఉండేది. బీరువా నిండా ఆ చర్చి కట్టించిన మిషనరీ దొరగారు వదిలి వెళ్ళిన పుస్తకాలుండేవి. తాళంచెవి మాత్రం సంఘపెద్ద నతానియేలు గారి మొలతాడుకుండేది.

ఆ చర్చి ఊడ్చే మనిషి రాహేలమ్మ. నా అన్నవాళ్ళు లేరు, అక్షరం ముక్క రాదు. శనివారం చర్చి ఊడ్చి, చాపలు పరిచి, బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసిపెట్టేవాళ్ళు. అవి పోగుచేసి తెచ్చేది.

ఒక శనివారం ఊడుస్తుంటే బీరువాలోంచి చప్పుడు. కిర్రు... కిర్రు... కిర్రు.

ఆవిడకి కాలు నిలవలేదు. చీపురు పడేసి పరుగెత్తింది.

“పెద్దయ్యగారూ, పుస్తకాలకి చెదలు పట్టిందండి. తాళం తియ్యండి.”

“ఎలకయ్యుంటుందిలే, పోమ్మా” అన్నాడు నతానియేలు గారు.

రెండో శనివారం. కిర్రు... కిర్రు... కిర్రు. కాలు నిలవలేదు. మళ్ళీ పరుగెత్తింది.

“ముందు నీ చెవిలో గులిమి తీయించుకో” అని నవ్వాడాయన.

మూడో శనివారం. కిర్రు... కిర్రు... కిర్రు. ఈసారి ఆయనకి కోపం వచ్చింది.

“చదువు రానిదానివి, పుస్తకాల బెంగ నీకెందుకే? అందులో బాప్తిస్మాల పుస్తకం ఉంది. మా అమ్మ పేరు దొరగారు సొంత చేత్తో రాశారు. నేనే ముట్టుకోను. ఇంకొకళ్ళని ముట్టనిస్తానా?”

ఆ మాట విన్నాక ఇంక అసలు నిలవలేదు కాలు. కన్నతల్లి పేరు లోపల పురుగు తింటుంటే ఈయన బయట తాళానికి కాపలా కాస్తున్నాడు!

రోకలి తెచ్చింది. ఒక పోటు, రెండు పోట్లు, మూడో పోటుకి తాళం ఊడింది. పై అర బాగానే ఉంది. నడిమి అర సగం పోయింది. కింది అరలో పెద్ద పుస్తకం ఒక్కటే చేతికి దక్కింది, మిగతాదంతా మట్టి. ఏది ఏ పుస్తకమో ఆవిడకేం తెలుసు? అన్నీ దులిపి బుట్టకెత్తింది. బియ్యం వేసిన ప్రతి ఇంట్లో ఒకటి పెట్టింది. పెద్దది పడవ నడిపేవాళ్ళ కోడలు సలోమికి ఇచ్చింది.

“ఇదేంటత్తా! మా ఇంట్లో చదివి చచ్చేదెవరు?” అంది సలోమి.

“చదవడం రాకపోతే దులపడం కూడా రాదేంటే? దులుపుతా ఉండు.”

తెల్లారితే బల్ల ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఖాళీ బీరువా చూసి నతానియేలు గారు కేక పెట్టాడు.

“ఎవరి పనిది?”

“నాదేనండి” అంది రాహేలమ్మ.

“దొంగా! నీకిక బల్ల లేదు. సంఘమూ లేదు. బయటికి నడు.”

రాహేలమ్మకున్న చుట్టాలంతా ఆ బల్ల దగ్గరే. ఇల్లంటూ ఉంటే అదే.

“పోతానండి. ముందు కింది అరలో చెయ్యి పెట్టి చూడండి.”

పెట్టాడు. మణికట్టు దాకా మట్టిలో దిగింది. వేళ్ళ మీద చెదపురుగులు పాకాయి.

“మా అమ్మ...” అని అక్కడే కూలబడ్డాడు.

ఆడవాళ్ళ చాప మీంచి సలోమి లేచింది. ఇంటికి పరుగెత్తి పాత చీరముక్కలో చుట్టిన పుస్తకం తెచ్చింది. అంచులన్నీ పోయాయి. ఆయన పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. మూడో పేజీలో ఒక పేరు మీద వేలు పెట్టి, తియ్యలేదు.

తప్పయిందని అనలేదు. పెద్దమనిషి కదా. మొలతాడు తెంపి, తాళంచెవి కానుకల సంచిలో పడేశాడు.

“రొట్టె ముందు ఆవిడకివ్వండి” అన్నాడు బల్ల దగ్గరున్న పాస్టరుగారితో.

రాహేలమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పుడు చర్చికి స్లాబు వేశారు. బీరువాకి మాత్రం తాళం వెయ్యరు. శనివారం పొద్దున ప్రతి గుమ్మంలో పుస్తకం మూడుసార్లు దులుపుతారు. దులిపితే ఏదో పేజీ తెరుచుకుంటుంది. ఆ ఒక్క పేజీ, చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి వినిపిస్తారు. వినిపించి పక్కింటికి ఇచ్చేస్తారు. ఒకే ఇంట్లో రెండు శనివారాలు ఉంచకూడదు. ఉంచితే పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి అరుస్తుంది:

“ఏమ్మా, ఇంకా కదల్లేదా అది? రాహేలమ్మకి కాలు నిలవదు మరి!”