గాజుపెట్టెలోని రిబ్బన్లు

లీదాకి కాళ్లు వణుకుతున్నాయి. కాళ్లనే నమ్ముకుని బతికే పిల్లకి అంతకన్నా కష్టం ఇంకేముంటుంది?

ఆ సాయంత్రం 'పడవవాడి కూతురు' అనే బాలే నృత్యనాటకంలో తనే నాయిక. చివర్లో, మంచు పగులుతున్న నది మీంచి ఆ కూతురు మునివేళ్ల మీద గిరగిరా తిరుగుతూ అవతలి ఒడ్డుకి చేరాలి. పొద్దున రిహార్సల్లో సరిగ్గా నది నడుమ లీదా కూలబడింది. దర్శకుడు అరవలేదు. "ఇవాళ జనం ముందు ఇలాగే పడ్డావో, రేపట్నించి వెనక వరసలోకి పో," అన్నాడంతే. అని ఊరుకున్నాడా, రిమ్మా అనే ఇంకో పిల్లకి అవే బట్టలు తొడిగించి వరండాలో కూర్చోబెట్టాడు.

ఆ బాలేకి ప్రాణం పోసింది లీదా గురువు, ఫయీనా మకారొవ్నా. యుద్ధకాలంలో ఒక చలికాలం, పొయ్యిలో కట్టెపుల్ల లేని ఆ థియేటర్లో, జనం కోట్లయినా విప్పకుండా కూర్చుని చూస్తుంటే, ఊపిరి పొగలా వదులుతూ ఆవిడ ఆ నది దాటిందట. ఆ రోజు తొడుక్కున్న జోళ్లు ఇప్పటికీ ముందు హాల్లో గాజుపెట్టెలో ఉన్నాయి. మన నాట్యకత్తెలు గజ్జెల్ని కళ్లకద్దుకున్నట్టు, అక్కడి పిల్లలు ఆ గాజుని తాకి మరీ లోపలికి వెళ్తారు.

లీదా తాకి ఊరుకోలేదు. దుస్తులు చూసే జోయా అత్తని కాళ్లావేళ్లా పడి పెట్టె తెరిపించింది. జోళ్ల రిబ్బన్లు ఊడదీయించి తన కొత్త జోళ్లకి కుట్టించుకుంది. వెలిసిపోయి తేనీటి రంగుకి తిరిగిన రిబ్బన్లు. వాటిని చీలమండల చుట్టూ కట్టుకుంటే, గురువుగారి కాళ్లే తనకి వచ్చేసినట్టు అనిపించింది.

అయినా వణుకు ఆగలేదు.

మొదటి గంట మోగింది. మూడో గంటకి తెర లేస్తుంది.

చేతికర్ర టకటకలాడిస్తూ ఫయీనా మకారొవ్నా గదిలోకి వచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఏదీ, కాలు ఇలా పెట్టు."

లీదా పెట్టింది. ముసలి వేళ్లు రిబ్బను మీద ఆగిపోయాయి.

"జోయా!"

"నన్ననకండి అమ్మగారూ. పిల్ల ఒకటే ఏడుపు. ఎవరైనా ఏడిస్తే నా చేతులు నా మాట వినవు."

ఆవిడ బల్ల మీది కత్తెర అందుకుని, కసకసమని రెండు జోళ్ల రిబ్బన్లూ కత్తిరించి పారేసింది.

"అయ్యో! ఏం చేశారండీ! నేనిప్పుడెలా ఆడను?"

ఆవిడ కుట్టుబుట్టలోంచి కొత్త రిబ్బన్లు, సూది, దారం తీసి లీదా ఒళ్లో పడేసింది.

"కుట్టుకో."

"ఇలా తే, చిటికెలో కుట్టేస్తా," అంటూ జోయా లేవబోయింది. చేతికర్ర అడ్డం వచ్చింది.

"కూర్చో జోయా. నీ చేతులు నీ మాట వినవుగా."

దారం సూదిలోకి ఎక్కదే! తడిపింది, మెలిపెట్టింది, కన్ను ఇటుంటే దారం అటు పోతోంది. తలుపు సందులోంచి రిమ్మా తొంగిచూసింది.

"నాకేం తొందర లేదులే లీదా. నావి కట్టుకునే కూర్చున్నా."

ఎలాగో ఎక్కింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, సూది వేల్లో దిగింది. రిబ్బను మీద ఎర్రటి చుక్క. అప్పుడే రెండో గంట.

లీదాకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "మీకేం తెలుస్తుందండీ! మీరు ఫయీనా మకారొవ్నా! వణుకంటే ఏంటో మీకసలు తెలుసా?"

జోయా శిలువ గుర్తు వేసుకుంది.

ఫయీనా మకారొవ్నా వంగి, నేలమీది పాత రిబ్బనొకటి తీసి లీదా చేతిలో పెట్టింది.

"ఆ చివర మడత విప్పి చూడు."

లీదా విప్పింది. వెలుతురు తగలని లోపలి వైపు ఇంకా లేత గులాబీ రంగే. దాని మీద అడ్డదిడ్డంగా, చిన్నపిల్ల కుట్టినట్టు పాత కుట్లు. కుట్ల వెంబడి గోధుమరంగు చుక్కలు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి.

లీదా తన వేలు చూసుకుంది. కళ్లు తుడుచుకుని మళ్లీ సూది పట్టుకుంది.

చివరి ముడి వేసి దారం పంటితో తెంపింది. మూడో గంట మోగింది.

నది నడుమకి వచ్చేసరికి, పక్కతెర చాటున రిమ్మా లేచి నిలబడటం తిరుగుతూనే చూసింది లీదా. కాలు వణికింది. వణుకుతూనే తిరిగింది. కింద మంచు పగిలింది. ఇంకో చుట్టు తిరిగింది. అవతలి ఒడ్డు వచ్చింది.

చప్పట్ల హోరు గదిదాకా వెంటబడి వచ్చింది. జోయా సంబరపడిపోతూ లీదా కాళ్ల దగ్గర చతికిలబడింది.

"ఈ రిబ్బన్లు నాకిచ్చెయ్ తల్లీ. గాజుపెట్టెలో జోళ్లకి కుట్టేస్తా. ఎవడు కనిపెడతాడు?"

లీదా నవ్వలేదు. "రేపటి జోళ్లు ఇవ్వు అత్తా. సూది కూడా," అంది.

కోటు తొడుక్కుంటున్న ఫయీనా మకారొవ్నా, బల్ల మీది దీపాన్ని కొంచెం అటు జరిపింది.

"దారం పొట్టిగా తీసుకో," అంది. "పొడుగైతే చిక్కుపడుతుంది."