లుద్మిలమ్మ వెలిగించిన పొయ్యి

అనగా అనగా అంటే ఎప్పుడని అడక్కండి, నాకూ తెలీదు, మీ తాతలకీ తెలీదు. అమెరికాలో నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం. చూపు ఆనినంత మేరా గోధుమ చేలు. ఆ చేల మధ్య ఒక చిన్న ఊరు, ఆ ఊరికి ఒక చిన్న బ్యాంకు. ఊ కొట్టండి మరి, నేనొక్కదాన్నే వాగుతున్నట్టుంది.

ఆ రోజుల్లో అక్కడ బ్యాంకుకి ఒకటే గుమ్మం. ఇంకో ఊళ్లో శాఖ పెట్టకూడదు, అది చట్టం. ఊరి రైతులు దాచుకున్నదంతా ఊరి బ్యాంకులోనే. అది మునిగితే ఆదుకోవడానికి దానికి అన్నదమ్ములు లేరు. విత్తనాలకి దాచుకున్నది కూడా పోయినట్టే.

ఆ బ్యాంకులో ఊడ్చే మనిషి లుద్మిల. మన నోటికి లుద్మిలమ్మ అనుకుందాం. మొగుడు పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, అనెష్కా. ఆ పిల్లని రైల్లో ఒక రోజు ప్రయాణమంత దూరానికి ఇచ్చింది. రోజూ తెల్లవారగానే లుద్మిలమ్మ వెనక తలుపు తీసి, బూడిద ఎత్తి, ఇనప పొయ్యి వెలిగించేది. పొగగొట్టంలోంచి పొగ లేచేది.

ఇంతలో కరువు ఏళ్లు వచ్చిపడ్డాయి. చుట్టుపక్కల బ్యాంకులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మూతపడ్డ ప్రతిచోటా ఆ పొద్దున పొయ్యి వెలగలేదట. ఇంకేం, రైతులకి అదే గురుతైపోయింది. లేవగానే గుమ్మంలో నిలబడి అటు చూసేవాళ్లు.

"పొగ లేచిందా?"

"లేచింది."

"అయితే బ్యాంకు ఉంది. పద, పని చూసుకుందాం."

అనెష్కాకి తొలి కానుపు వచ్చింది. అమ్మా రా అని, రైల్లో వచ్చేవాళ్లతో కబురంపింది. "ఎలా వస్తానమ్మా, పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అని లుద్మిలమ్మ తిరుగు కబురంపింది. మనవడు నడక నేర్చాడు. మళ్లీ కబురు. "ఎలా వస్తానమ్మా, పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అలా అనేసి, పొయ్యి ముందు కూర్చుని, పిల్లాడిది ఎవరి పోలికో అనుకుంటూ కళ్లు తుడుచుకునేది. వాళ్లని చూడాలని ప్రాణం కొట్టుకుపోయేది పాపం.

మూడోసారి కబురు అల్లుడి దగ్గర్నించి వచ్చింది. అనెష్కాకి విషజ్వరం, మంచం దిగట్లేదు, అమ్మా అమ్మా అని కలవరిస్తోంది.

లుద్మిలమ్మ షావుకారు హావెల్ ఇంటికి పరిగెత్తింది. బ్యాంకు ఆయనదే.

"బాబుగారూ, నేను వెళ్లి తీరాలి. రేపు పొద్దున్న పొయ్యి..."

"నేను వెలిగిస్తాలే, వెళ్లిరా. అదీ ఒక పనేనా?" అన్నాడాయన.

మహా పెద్దమనిషి! తెల్లారితే దుప్పటి ముసుగు తీయలేదు. ఒక్క పూట వెలిగించకపోతే బ్యాంకుకేం జలుబు చేస్తుందా అనుకున్నాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

లుద్మిలమ్మ చీకటితోనే బయల్దేరి స్టేషన్‌కి చేరింది. రైలు వచ్చింది. మూట లోపల పెట్టి, మెట్టెక్కి నిలబడింది. చూస్తే రోడ్డు నిండా బళ్లు. గుర్రాల్ని బాదుకుంటూ జనం బ్యాంకు వైపు పోతున్నారు.

"ఏమైంది నాయనా?" అని కేకేసింది.

"పొగ లేదు! బ్యాంకు మునిగింది! దక్కినకాడికి లాక్కోవాలి!"

అందరూ ఒక్కసారిగా లాక్కుంటే ఏ బ్యాంకు నిలబడుతుంది చెప్పండి? ముందున్నవాడికి దక్కుతుంది, వెనకున్నవాడు మట్టికొట్టుకుపోతాడు. మునిగిన ఊళ్ల సంగతులు ఆమె వినే ఉంది. రైలు కూత వేసింది. అటు కూతురు, ఇటు ఊరు. "రేపటి రైలుకి వచ్చేస్తానే తల్లీ" అని ఏడుస్తూ దిగిపోయింది.

మంచులో పడుతూ లేస్తూ పోయింది. వెనక తలుపు తీసింది. పొయ్యి వెలిగించింది.

ముందు తలుపు బాదుతున్నవాళ్లు తలెత్తారు.

"పొగ లేచిందా?"

"లేచింది."

"అయితే బ్యాంకు ఉంది."

ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుని ఇళ్లకి పోయారు. బ్యాంకు నిలిచింది, ఊరు నిలిచింది. ఆమె మూట రైల్లో పోయిందని ఒక్కడికీ పట్టలేదు.

ఆ సాయంత్రమే మంచు తుఫాను పట్టుకుంది. పట్టాలు పూడుకుపోయాయి. రేపటి రైలు రాలేదు. ఎల్లుండిదీ రాలేదు. ఎన్నాళ్లకో వచ్చిన రైల్లోంచి అల్లుడు దిగాడు, చంకలో పిల్లాడితో. అతని మొహం చూసి ఆమె పిల్లాణ్ని చేతుల్లోకి తీసుకుంది.

"చివరిదాకా గుమ్మం వైపే చూసింది అత్తయ్యా" అన్నాడు.

పొయ్యి కోసమే ఆమె రైలు దిగిపోయిందని అప్పుడు తెలిసింది ఊరికి. హావెల్ తల దించుకున్నాడు. దించుకుంటే ఏం లాభం? లుద్మిలమ్మ బతికినన్నాళ్లూ పొయ్యి వెలిగించి, కిటికీలోంచి పట్టాల వైపు చూస్తూ కూర్చునేది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఊరంతా అనుకునేది.

తర్వాత ఆమె పోయింది. చట్టం మారింది. పట్నం నుంచి పెద్ద బ్యాంకు వచ్చి చిన్న బ్యాంకుని కలిపేసుకుంది. పొయ్యి పీకేశారు, పొగగొట్టం కూల్చేశారు.

కానీ ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరికైనా, దూరాన ఉన్న తమవాళ్లకి బాగోలేదని తెలిస్తే చాలు, పిలవకుండానే ఇరుగుపొరుగు వచ్చేస్తారు. ఒకళ్లు గొడ్లకి మేత వేస్తారు, ఒకళ్లు దుకాణంలో కూర్చుంటారు. "నువ్వెళ్లు, పొయ్యి మేం చూసుకుంటాం" అని ఆ మనిషిని రైలెక్కిస్తారు. రైలు కదిలేదాకా మెట్టు దగ్గరే నిలబడతారు. మళ్లీ ఎవర్నీ దిగనివ్వరు.