కుదురమ్మ నడక

అనగనగా ఒక ఊరమ్మా. ఊరి పేరు ఒళ్ళూరు. ఎక్కడుందంటావా? ఎక్కడో కాదు, నీ గౌను కిందే ఉంది. ఊఁ కొట్టు మరి కౌముదీ. ఊఁ కొట్టకపోతే గోడకి కథ చెప్పుకుంటున్నట్టుంటుంది నాకు.

ముందు ఆ చెయ్యి తియ్యి. పొక్కు జోలికి వెళ్ళకు. దురదగా ఉందని నాకు తెలుసే, వేపరెమ్మతో నేను నిమురుతాగా. నాకు చిన్నప్పుడే ఆటలమ్మ పోసింది కాబట్టి నీ పక్కన కూచోగలుగుతున్నాను. మీ అమ్మకి పొయ్యలేదు. పైగా ఒళ్ళో చంటాడు. నీ పొక్కులన్నీ ఎండి చెక్కు కడితే గానీ అది ఈ ఇంటి గుమ్మం తొక్కలేదు. ‘అమ్మ నన్ను నీ ఇంట్లో పారేసి పోయింది’ అని పొద్దుట్నించీ మూతి ముడుచుకున్నావు. సరే, ముడుచుకో. ముడుచుకునే విను.

ఒళ్ళూరికి ఎన్ని అంచులని! పైన అంచు, లోపల అంచు, గొట్టాలకీ సంచులకీ గదులకీ అంచు. ఆ అంచులన్నిటా కాపురముండేవాళ్ళు అంచువాళ్ళు. మీ తాతయ్య సైన్సు మేష్టారు కదూ, ఆయన ‘ఉపకళా కణజాలం’ అనేవారు. నాకు నోరు తిరగదు. అంచువాళ్ళంటేనే నాకు హాయి.

అంచువాళ్ళ పద్ధతే వేరు. ఇద్దరి మధ్య సందు ఉండకూడదు. ఈవిడ చెయ్యి ఆవిడ పట్టుకుని, ఒళ్ళూ ఒళ్ళూ ఆనించి నిలబడాలి. కింద ఒకటే చాప, వీధంతటికీ. ఆ చాపకి కాళ్ళు కుట్టేసినట్టు అంటుకునుంటాయి. దాన్ని ఆధార త్వచం అనేవారు మీ తాతయ్య. నెత్తురు పడవలు వాళ్ళ వీధిలోకి రావు. చాప కింది కాలవ దగ్గరే ఆగిపోతాయి. అక్కణ్ణించి తిండీ నీళ్ళూ చాపలోంచి ఊటలా ఊరుతూ పైకి రావాలి. అవి మోసుకొచ్చే ఆవిడ పేరు ఊటమ్మ.

పుట్టగానే వాళ్ళు నేర్చుకునే మాట ఒక్కటే. చెయ్యి తగిలితే నిలబడు, తగలకపోతే నడు. అంతే వాళ్ళ చదువు.

చర్మం వీధిలో అడుగు వరసలో కుదురమ్మ అని ఒకావిడ ఉండేది. బొద్దుగా ఉండేది. పేరుకి తగ్గట్టు పుట్టాక ఒక్క అడుగు కదిలింది లేదు. ఎడంపక్క అక్క, కుడిపక్క చెల్లెలు. పిల్లలు మాత్రం పుట్టీ పుట్టగానే పై వరసకి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత ఇంకా పైకి, ఇంకా పైకి. వెళ్ళేకొద్దీ పల్చబడి, ఎండి, పలకల్లా అయ్యి ఊరికి కప్పుగా పడుకునేవారు. ఆ తర్వాత ఓ రోజు రాలిపోయేవారు. నలుగు పెట్టి రుద్దితే నీ ఒంటి మీంచి మట్టి రాలుతుందే, అందులో వాళ్ళూ ఉంటారు.

కుదురమ్మకి పైకెళ్ళిన ఒక్క పిల్ల మొహం కూడా మళ్ళీ కనపడేది కాదు. పాపం, దిగులుపడేది. అయినా పక్కన రెండు చేతులున్నాయి కదా అని సర్దుకునేది.

అప్పుడు ఆ ఊరికి ఆటలమ్మ వచ్చింది. తెల్లారేసరికి చర్మం వీధిలో నీటిపొక్కు పొంగింది. ఆ తర్వాత చితికింది. చూస్తే కుదురమ్మ కుడిపక్క చెల్లెలు లేదు. చెల్లెలి పక్కావిడా లేదు. ఆ పక్కావిడా లేదు. కుడివైపు వీధికి వీధే ఖాళీ. కుదురమ్మ కుడిచెయ్యి ఊరికే గాల్లో వేలాడుతోంది.

“చెల్లీ!” అని పిలిచింది. కుదురమ్మ భోరున ఏడ్చింది. ఏడవదూ మరి? ఒకపక్క చెల్లెలు పోయిన దుఃఖం, ఇంకోపక్క భయం. ఆ సందు అలాగే ఉండిపోతే బయట తిరిగే చెడ్డ పురుగులన్నీ ఊళ్ళోకి దూరిపోతాయి.

అప్పుడు ఊటమ్మని పిలిచి చెప్పింది. “అమ్మా, నువ్వు ఊరంతా తిరుగుతావు. నా పక్కన నిలబడ్డానికి ఎవరైనా ఒక్కళ్ళొస్తారేమో అడుగు. ఒక్కళ్ళు చాలు.”

ఊటమ్మ మొదట ఊపిరి గొట్టంలోకి వెళ్ళింది. అక్కడి అంచువాళ్ళు పొడుగ్గా ఉంటారు, నెత్తిన సన్నసన్నటి చీపుళ్ళుంటాయి. వాళ్ళ మధ్యన జిగురు చేసే గిన్నెమ్మలుంటారు. దుమ్మొచ్చి జిగురులో పడుతుంది, వీళ్ళు దాన్ని పైకి ఊడ్చేస్తారు. అందుకని ఆ వీధి ఎప్పుడూ తడితడిగా ఉంటుంది. నోరూ ముక్కూ పొట్టా, బయటికి దారి ఉన్న గదులన్నిటికీ ఇలాంటి తడితెరే. “రావాలనే ఉంది తల్లీ. మేం చీపుళ్ళు దింపితే దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పడుతుంది” అన్నారు వాళ్ళు.

ఆ తర్వాత పేగుల వీధికి వెళ్ళింది. అక్కడ స్తంభాల్లా బారులు తీరి ఉన్నారు. నువ్వు పొద్దున వద్దు వద్దంటూ తాగిన గంజి ఉందే, దాన్నే పీల్చుకుని కాలవలోకి పంపుతున్నారు. “మేమొస్తే ఊరంతా పస్తే కదమ్మా” అన్నారు. దార్లో మూత్రపిండాల దగ్గర చిన్న పెట్టెల్లాంటివాళ్ళని కూడా అడిగింది. వాళ్ళు పనికొచ్చే నీళ్ళు వెనక్కి తోడుకుంటూ తలెత్తనైనా లేదు.

ఆ తర్వాత గుండె దగ్గరికి వెళ్ళింది. గుండె చుట్టూ రెండు పొరలుంటాయి, మధ్యలో కాసిని నీళ్ళు. ఆ పొరల్లో పలకల్లాంటి పల్చటివాళ్ళు ఉంటారు. “మేం పక్కకి జరిగితే గుండె ఒరుసుకుపోతుంది. మేం రాలేం, చెప్పు” అన్నారు. మోకాలి కీలులో కూడా నూనెలాంటి నీళ్ళు చేసే పొర ఒకటుంది. వాళ్ళు అంచువాళ్ళు కారు, వేరే వంశం. వాళ్ళని అడగనే లేదు.

ఊటమ్మ వచ్చి ఈ మాటే చెప్పింది. ఎవరి పని వాళ్ళది. ఒక్కళ్ళయినా విసుక్కునుంటే తిట్టుకోవడానికైనా ఉండేది. అందరూ మంచివాళ్ళే, ఎవరూ రాలేరు. అందుకే ఆవిడకి మరీ దుఃఖం ముంచుకొచ్చింది.

అప్పుడు చిన్నప్పటి చదువు గుర్తొచ్చింది. చెయ్యి తగలకపోతే నడు. కుదురమ్మ! జన్మలో కదలని మనిషి! చాపకి అంటుకున్న కాళ్ళు ఒక్కొక్కటే పీక్కుంది. కుడిచెయ్యి సాచింది. సాచి సాచి ఆ బొద్దుమనిషి కాస్తా రేకులా పల్చబడిపోయింది. వెనకాల అక్క చెయ్యి పట్టుకునే ఉంది, అక్క వెనకాల కొత్తగా పుట్టినవాళ్ళు నిండుతున్నారు. ముందుమాత్రం ఎవరూ లేరు. పైన నెత్తురు ఎండి చెక్కు కట్టింది. దాని కింద చీకట్లో అందరికంటే ముందు వెళ్తోంది ఒక్కత్తీ.

కొంత దూరం వెళ్ళేసరికి చేతికి ఏదో తగిలింది. “హమ్మయ్య, వచ్చావా!” అని నిలబడిపోయింది వెర్రితల్లి. చెయ్యి తగిలితే నిలబడాలి కదా. దానికి ఆనుకుని తన కష్టమంతా చెప్పుకుంది. చెల్లెలి సంగతి చెప్పింది, పైకెళ్ళిన పిల్లల సంగతి చెప్పింది. అది ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. ఓ పూటంతా చెప్పాక తడిమి చూసుకుంటే అది చెక్కు! ఇంతసేపూ ఎండిన చెక్కుకి మొరపెట్టుకుంది. నవ్వకే, నవ్వుతావేం? ఎవరూ లేనప్పుడు మనిషికి అలాగే ఉంటుంది.

సిగ్గుపడి మళ్ళీ బయల్దేరింది. అప్పుడేమైందో తెలుసా? ఎవరో మోచేతి మీద గోరు పెట్టి చెక్కు పీకారు. ఎవరో నేను చెప్పను. నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం, నేను పెరట్లో వేపాకు దూస్తుంటే, ఎవరో పీకారు. నీ దుంపతెగ, ఆ చెక్కుతో పాటు కుదురమ్మ ముందుకు సాచిన ఒళ్ళు సగం ఊడిపోయింది! నడిచిన దారంతా వెనక్కి. ఆ సందులోంచి ఓ పురుగు దూరింది. “నేనే మీ పొరుగుదాన్ని, చెయ్యి ఇలా ఇయ్యి” అంది తియ్యగా. ఆవిడ నమ్మి ఇచ్చింది. అది కసుక్కున కొరికింది. నెత్తుట్లో తిరిగే తెల్ల తలపాగాల కాపలావాళ్ళు వచ్చి దాన్ని పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఊరు సర్వనాశనమే. చూడు, మోచెయ్యి ఎర్రగా ఉంది కదూ. ఆ గొడవే అది.

ఆ తర్వాత కుదురమ్మకి ఇంక ఎవర్నీ నమ్మబుద్ధి కాలేదు. అలాగని ఆగబుద్ధీ కాలేదు. కుంటుకుంటూ వెళ్ళింది. ఒకరోజు. రెండు రోజులు. మూడో రోజు ఇంక నావల్ల కాదనుకుంటుంటే వేలి కొసకి ఏదో తగిలింది. మెత్తగా, వెచ్చగా ఉంది. కుదురమ్మ భయపడి చెయ్యి సగం వెనక్కి లాక్కుంది.

“ఎవరూ?” అంది అవతల్నించి ఓ గొంతు.

“నేను కుదురమ్మని. ఇవతలి గట్టు. నువ్వెవరు?”

“నేను అవతలి గట్టుదాన్నక్కా. నా పక్కనా ఎవరూ లేకుండా పోయారు. ఆ రోజునుంచీ నడుస్తూనే ఉన్నాను. ఇటు కూడా ఎవరో వస్తున్నారని నాకు తెలీనే తెలీదు.”

ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడ్చారు. ఏడ్చి నిలబడ్డారు. కింద చాపకి మళ్ళీ కాళ్ళు అంటుకున్నాయి. సందు లేదు. పైన చెక్కు దానంతటదే ఊడి రాలిపోయింది. చీపుళ్ళవాళ్ళకీ స్తంభాలవాళ్ళకీ ఈ సంగతి తెలియనే తెలియదు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూనే ఉన్నారు.

ఊఁ కొట్టవేం? నిద్రొచ్చిందా? కాదూ... కళ్ళు తుడుచుకో.

ఓ మాట చెప్తాను, నేను చెప్పానని అనకు. ఇందాక మీ నాన్న ఫోన్ చేశాడు. జ్వరం రాకముందు నువ్వు విడిచిన పసుప్పచ్చ గౌనుని మీ అమ్మ ఉతక్కుండా దాచుకుందిట. చంటాడు పడుకున్నప్పుడల్లా దాన్ని మొహానికి అద్దుకుని కూచుంటోందిట. నీకు చెప్పొద్దందిట, చెబితే నువ్వు ఇంకా బెంగ పెట్టుకుంటావని. నాకు నోరాగలేదు, చెప్పేశాను. ఏడుపొస్తే ఏడువు తల్లీ. ఇలా రా, నా చెయ్యి పట్టుకుని పడుకో.

కథేమో కంచికి నడిచింది,
కన్నేమో నిద్దరకి ఒరిగింది,
అమ్మ అక్కడ, నువ్విక్కడ,
ఇంటికి దారి తరిగింది.