సుంకులమ్మ కంచుతాళాలు

కంబగిరి సామి పాడే తత్వాలకు తగిన తాళాలు ఎక్కడా దొరకడం లేదు. శిష్యుడు ఓబులేసు దిగులంతా అదే.

గుట్టపాడు మఠంలో సామి తంబూర పట్టి తత్వం ఎత్తుకుంటే, పక్కన కూర్చుని నలభై ఏళ్ళు తాళం వేసింది ఆయన భార్య సుంకులమ్మ. పోయినేడు ఆమె కాలం చేసింది. మఠం పెరట్లోనే సమాధి కట్టారు. ఆనాటి నుంచి సామి పక్కన చాప ఖాళీ. తాళం లేకుండానే పాడుతున్నాడు. రానురాను ఆ పాటా తగ్గిపోతోంది. ఆమెకు ప్రాణమైన ఉయ్యాల తత్వం ఆయన నోట మళ్ళీ రానేలేదు. ఇట్లాగే పోతే సామి గొంతు కూడా సుంకులమ్మ అవ్వ వెంటే పోతుందని శిష్యులు గుసగుసలాడుకుంటున్నారు.

ఓబులేసుకు తాళాలంటే పిచ్చి. పెళ్ళాం ఏ చీర కట్టిందో చూడడు గానీ, పక్కూరి భజనలో మోగే కంచులో తగరం ఎంత కలిపారో ఇంట్లో కూర్చుని చెప్పేస్తాడు. చెక్కభజనలో వాడు తాళం అందుకుంటే ముసలాళ్ళు కూడా లేచి గంతులేయాల్సిందే. అలాంటివాడు, అవ్వ సంవత్సరీకం నాటికి ఆ చాప మీద తాను కూర్చోవాలనీ, సామి చేత ఉయ్యాల తత్వం పాడించాలనీ పంతం పట్టాడు.

ముందు తన చెక్కభజన తాళాలే తెచ్చి మోగించాడు. సామి తల ఊపాడు.

"బాగుండాయిరా. ఇవి మోగితే కాళ్ళు నిలబడవు. తత్వానికి కూర్చోవాల గదా నాయనా."

హరికథ దాసును బతిమాలి చిన్నతాళాలు తెచ్చాడు. గలగలా మోగాయి.

"కథకు మేలు ఇవి. తత్వానికి ఇంత వాగుడెందుకు?" అన్నాడు సామి.

చివరికి కంచరి మౌలాలి ఇంటి ముందు నెల రోజులు కూర్చుని కొత్తవి పోత పోయించుకొచ్చాడు. ఒక్క దెబ్బ కొడితే నాదం ఆగకుండా సాగిపోతోంది. సామి కళ్ళు మూసుకుని అది ఆగేదాకా ఓపిగ్గా విన్నాడు.

"నా మాట అయిపోయినా ఇది ఊరుకోదురా. గుడికి గంట చేయించు."

ఓబులేసుకు ఒళ్ళు మండింది. "అవ్వవి అంత గొప్ప తాళాలా సామీ? నాకు దొరకని కంచు ఆమెకు యాడ దొరికింది?"

సామి చిలక్కొయ్య వైపు చూశాడు. గుడ్డసంచిలో అవ్వ తాళాలు ఏడాదిగా అక్కడే వేలాడుతున్నాయి. ఎవరూ తాకలేదు.

"తీసుకుపో."

వాడు వాటిని ప్రసాదం మాదిరి రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చాడు. విప్పి చూస్తే ఏముంది! నల్లగా చిలుము పట్టిన కంచు, జిడ్డుకారే తాడు. రెండు తాళాలకూ తాడు ముడి కింద ఒక పేలిక చుట్టి ఉంది. కొడితే మూగగా 'టప్పు'మంటున్నాయి. అవ్వ చెయ్యి మెత్తన కాబట్టి ఆ తాళం మెత్తగా పలికేదని ఇన్నాళ్ళూ అనుకున్నాడు వాడు. 'పాపం, ముసలిది, బాగుచేసుకునే ఓపిక లేకపోయింది' అనుకున్నాడు.

తాడు తెంపి, పేలికలు లాగి, మండే పొయ్యిలో పడేశాడు. పొయ్యి ఆరాక చింతపండు, బూడిద పెట్టి బంగారంలా మెరిసేదాకా తోమాడు. కొత్త పట్టుతాడు కట్టాడు.

సంవత్సరీకం నాటి పొద్దున అందరూ సమాధి ముందు కూర్చున్నారు. ఓబులేసు ఆ చాప మీద కూర్చున్నాడు. సామి తంబూర మీటి, కళ్ళు మూసుకుని, ఉయ్యాల తత్వం ఎత్తుకున్నాడు. వాడు తాళం వేశాడు.

ఖంగుమంది. గోడ మీది పావురాలు లేచిపోయాయి. సామి పాట మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

ఆయన చెయ్యి చాపి తాళం ముడిని బొటనవేలితో తడిమాడు. "దీని కింద గుడ్డ ఉండాలే."

"చినిగిపోయిన పేలిక సామీ. తీసేసినా."

"యాడేసినావు?"

"పొయ్యిలో."

సామి తంబూర కింద పెట్టాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మాకొక పాప ఉండేదిరా ఓబులేసూ. మీరెవరూ ఎరగరు. లోపల దూలానికే ఉయ్యాల కట్టినాం. మేం పాడుతుంటే తాళం చప్పుడుకు ఉలిక్కిపడి లేచేది. ఉయ్యాల గుడ్డ అంచు చించి మీ అవ్వ తాళాలకు కట్టింది. పది నెలలకే పాప పోయింది. ఆ గుడ్డ మాత్రం ఆమె విప్పలేదు."

ఓబులేసుకు అవ్వ మాట గుర్తొచ్చింది. కొత్తలో తాను తాళం గట్టిగా కొట్టినప్పుడల్లా అవ్వ పక్కనుంచి చెయ్యి పట్టుకునేది. "మెల్లగా నాయనా, పడుకున్నోళ్ళు లేస్తారు" అనేది. మఠంలో కునికే ముసలాళ్ళను ఎగతాళి చేస్తోందనుకుని తాను పగలబడి నవ్వేవాడు. అవ్వా నవ్వేది.

వాడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత ఏడుపులోనూ మిగిలిన మాట కూడా దాచుకోలేకపోయాడు.

"ఆ బూడిదతోనే తోమినా సామీ... ఆ పొయ్యిలో బూడిదతోనే."

సామి తాళాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఒకదాన్ని చెంపకు ఆనించుకున్నాడు.

"అయితే యాడికీ పోలేదులే," అన్నాడు.

తర్వాత చెయ్యి చాపాడు. "ఆ తువ్వాలు ఇట్లియ్యి."

కన్నీళ్ళకు తడిసిన వైపే చూసి, అంచున రెండు పేలికలు చించాడు. పట్టుతాడు వదులు చేసి, ముడుల కింద తనే చుట్టాడు. ముసలి వేళ్ళకు ముడి ఒక పట్టాన చిక్కలేదు. చాలాసేపు పట్టింది. సాయం వస్తామనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఇప్పుడు కొట్టు."

వాడు కొట్టాడు. చప్పుడు పెరటి గోడ కూడా దాటలేదు.

సామి ఉయ్యాల తత్వం మొదటి నుంచి చివరిదాకా పాడాడు. రెండుచోట్ల గొంతు పూడుకుపోయింది. ఆ రెండుచోట్లా ఓబులేసు తాళం ఎత్తిపట్టి ఆగాడు. ఆయన మళ్ళీ అందుకున్నాకే వేశాడు.

పాట అయ్యాక వాడు తాళాలు సామి పాదాల దగ్గర పెట్టబోయాడు. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నీ దగ్గరే ఉండనీ."

వాడు వాటిని చినిగిన తువ్వాల్లో చుట్టుకుని లేచాడు. గడప దాటుతుంటే సామి వెనక నుంచి పిలిచాడు.

"ఓబులేసూ..."

"సామీ."

"ఈసారి తోమొద్దురా."